మన కాగితాలు: పొలిమేర దాటిన చలాను

కామాటిపురా గల్లీలకు పేర్ల కంటె నంబర్లే ఎక్కువ అలవాటు. ఆ నంబర్ల గల్లీలలో ఒకదానిలో, ఆదివారం ఉదయం మా ఖోలీ తలుపు తీసి ఉన్నదంటే ఎవరో ఒకరు చేతిలో కాగితం పట్టుకొని రావడం ఎన్నో ఏండ్లుగా జరుగుతున్నది. మేము ఫోర్టులో ఒక ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తున్నాము. చదివినది మెట్రిక్కు మాత్రమే. అయినా ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెప్పగలము, తెలుగులో చెప్పినది ఇంగ్లీషులో వ్రాయగలము. ఆ పాటి విద్యకే మా చాళ్‌లో మాకు కొంత గౌరవమున్నది. ఆ గౌరవము వలన ఒకసారి మా దగ్గరివారికే ఎట్టి నష్టము కలిగినదో ఈ నెల చెప్పదలచినాము. పరుల తప్పులు వ్రాయుట సులభము. ఇది మా తప్పు.

ఇదివరలో మన పెద్దలు ఊరికి పోవలెనంటే రైలే దిక్కు. పెట్టె, పరుపుచుట్ట, పిల్లలకు రొట్టెల మూట కట్టుకొని స్టేషను చేరేవారు. ఇప్పుడు మన గల్లీలలో కూడ కార్లు వచ్చినవి. కొత్తవి కొందరివి, పాతవి కొనుక్కున్నవారు చాలమంది. పెండ్లికో, బతుకమ్మ పండుగకో, కర్మకో ఇంటిల్లిపాదీ ఎక్కి పుణె మీదుగా సోలాపూరు, ఉమర్గా దాటి, కర్ణాటకలో హుమనాబాదు మీదుగా జహీరాబాదు వద్ద తెలంగాణలో ప్రవేశిస్తున్నారు. సుమారు 700 కిలోమీటర్ల దారిలో హైదరాబాదు చేరేసరికి మూడు రాష్ట్రాల నేల త్రొక్కినట్లు లెక్క. మూడు రాష్ట్రాల పోలీసులు, మూడు రాష్ట్రాల కెమెరాలు. బండి నంబరు పలక మాత్రం ఒక్కటే.

2024 వేసవిలో మా బావ, అనగా మా అక్క భర్త, సిద్దిపేట దగ్గర పెండ్లికి కారులో పోయి వచ్చినాడు. వచ్చిన కొద్ది రోజులకు ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు.

“బామ్మర్దీ, గీ మెసేజ్ జర చూడు. తెలంగాణ పోలీసోళ్ళ చలానట. మన బండి తాడ్‌దేవ్ ఆర్టీవోల పాస్ అయిన ఎమ్‌హెచ్ జీరో వన్ గదా, గాళ్ళ చలాను మనకెట్ల తగుల్తది?”

చూస్తే ఒకటి కాదు, మూడు ఉన్నవి. రెండు అతివేగానికి, ఒకటి సిగ్నలు దాటినందుకు. మూడింటికీ ఫొటోలున్నవి. ఫొటోలో బావ కారు, వెనుక అద్దంలో మా మేనకోడలు తలలోని పూలు కూడ కనబడుతున్నవి. కాదనడానికి వీలు లేదు.

అప్పుడు మేమేమి చెప్పవలసినది? “కట్టు బావా” అని చెప్పవలసినది. కాని తెలివి ఎక్కువైనవానికి తిన్నని దారి కనబడదు. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర మరొకసారి బకాయి చలాన్ల మీద రాయితీ ఇచ్చిన సంగతి మేము పత్రికలో చదివి యున్నాము. రెండవసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతము, కార్లకు 60 శాతము తగ్గించినారు. అది మనసులో పెట్టుకొని, “తొందరేమున్నది బావా, మళ్ళీ రాయితీ వస్తుంది. మూడు వేల పైన కట్టేదానికి వెయ్యిన్నరలోపే సరిపోతుంది. అదిగాక మనమెక్కడ, వారెక్కడ” అన్నాము. మా మాట వేదవాక్కని బావ ఫోను జేబులో పెట్టుకొని పోయినాడు.

మరుసటి ఏడాది బావ తల్లిగారికి మోకాళ్ళ వైద్యము హైదరాబాదులో చేయించవలెనని అదే కారులో బయలుదేరినాము. ఈసారి మేమూ ముందు సీటులో ఉన్నాము. వెనుక అత్తమ్మ కాళ్ళు చాచుకొని పడుకొన్నది, ఆమె తల దగ్గర అక్క. సాయంత్రానికి నగరం పొలిమేరలో ఒక కూడలిలో బండి ఆపినారు. చేతిలో యంత్రం పట్టుకొన్న కానిస్టేబులు నంబరు కొట్టి చూచి, “పాతయి మూడున్నయి సార్. ఏడాది దాటింది” అన్నాడు. మేము నోరు తెరువలేదు. బావ మా వైపు చూచినాడు, అంతే. ఆ చూపు కంటె ఒక తిట్టు నయమనిపించినది.

పాత చలాన్లు అక్కడికక్కడే ఫోనులో కట్టినాము. అంతటితో పోతే ఈ పుట వ్రాసే పని లేకపోను. కానిస్టేబులు, “ఇన్సూరెన్సు చూపెట్టుండ్రి” అన్నాడు. బావ ధైర్యంగానే ఫోను తీసినాడు. తేదీ చూస్తే బీమా ముగిసి 11 రోజులయినది.

ఎట్లు జరిగినది? ఆ కారు బావ మరొకరి దగ్గర కొన్నది. ఆర్సీ బావ పేరు మీదికి మారినది గాని, బీమాలో పాత యజమాని పేరు, పాత యజమాని ఫోను నంబరే ఉండిపోయినవి. గడువు ముగుస్తున్నదని కంపెనీ పంపిన జ్ఞాపికలన్నీ ఆ పాత నంబరుకే పోయినవి. ఆయన ఎందుకు పట్టించుకొనును? బండి తనది కాదు గదా. మన వద్ద ఉన్న పాత కాగితం మీద తేదీ ఉన్నది, చూచినవారే లేరు. గుమాస్తా బామ్మర్ది ఉండగా తనకేమి లోటని బావ, అడగలేదు గనుక చూడలేదని మేము.

బీమా లేనందుకు మరియొక చలాను వ్రాసినారు. అది న్యాయమే. మోటారు వాహనాల చట్టం 1988లోని 146వ సెక్షను ప్రకారం మూడవ వ్యక్తికి, అనగా మన బండి తగిలి నష్టపోయే పరాయి మనిషికి, బీమా లేకుండ బండి రోడ్డెక్కరాదు. ఎక్కితే 196వ సెక్షను ప్రకారం మొదటిసారి 2,000 రూపాయలు, మరల అదే తప్పు చేస్తే 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడ వేయవచ్చును. నడిపినవానికే కాదు, నడపనిచ్చిన యజమానికి కూడ ఈ సెక్షను వర్తిస్తుంది. మేనల్లుడు అడిగినాడని తాళము చెవి ఇచ్చేవారు ఇది గుర్తుంచుకొనవలెను.

బావ అక్కడే ఫోనులో కొత్త పాలసీ కొన్నాడు. అది ఆ అర్ధరాత్రి దాటిన తరువాత గాని అమలులోకి రాదు. మా బంధువుల ఇల్లు ఇంకా 20 కిలోమీటర్లు. చీకటి పడుతున్నది. “చలాను రాసిండ్రు గదా, ఇగ ఎవ్వరు ఆపరు. మెల్లగ పోదాం” అన్నాడు బావ. మేము కూడ సరే అనబోయినాము.

అప్పుడు వెనుక నుండి అక్క అన్నది: “కాయిదం పోలీసాయన కోసమా? గీ ఇరవై కిలోమీటర్లల ఎవని పోరడన్న అడ్డమొస్తే వాని తల్లికి నువ్వేం జవాబిస్తవు? తమ్మీ, నాయిన సంగతి యాది మరిచినవా?”

మేము మరువలేదు. కాని ఆ పూట జ్ఞాపకం చేసుకొనలేదు. మరచుట కంటె అదే పెద్ద తప్పు.

మా నాయన రంగుల పని చేసేవాడు. 1989లో ఒకనాటి సాయంత్రము పని ముగించి నడిచి వస్తుండగా, ఇంటికి నాలుగడుగుల దూరములో ఒక టెంపో తగిలి కాలు విరిగినది. మాకు అప్పుడు పదేండ్లు. ఎముక అతుకుకొన్నది గాని, నాయన మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. రంగులవాడు నిచ్చెన ఎక్కకపోతే ఇంట్లో పొయ్యి ఎట్లు వెలుగునో మీరే ఊహించుకొనవచ్చును. అక్క బడి మాని జరీ పనికి కూర్చున్నది. కేసు నడిచినది. నష్టపరిహారము ఇవ్వవలసినదేనని ట్రిబ్యునలు ఉత్తర్వు కూడ వచ్చినది. కాని ఆ టెంపోకు బీమా లేదు. కట్టవలసినది ఆ యజమాని ఒక్కడే. ఆ యజమాని దగ్గర ఆ పాత టెంపో తప్ప మరేమీ లేదు. ఆ ఉత్తర్వు ఈనాటికీ మా రేకు పెట్టెలో ఉన్నది. మేము ఇంగ్లీషు నేర్చుకొన్నది ఆ కాగితం చదవడానికే అంటే అతిశయోక్తి కాదు.

అటువంటి ఇంట పుట్టి, పదకొండు రోజులు బీమా లేని బండిలో మూడు రాష్ట్రాలు దాటి వచ్చినాము. ఏమీ జరుగలేదు, అది మా పుణ్యము కాదు, రోడ్డు మీద నడిచిన ఎవరి పుణ్యమో. ఆ రాత్రి బండిని అక్కడి ఒక పెట్రోలు బంకులో అడిగి నిలిపి, అత్తమ్మను ఆటోలో పడుకోబెట్టి బంధువుల ఇల్లు చేరినాము. మరునాడు ఉదయం పోయి కారు తెచ్చుకొన్నాము.

పాఠకులలో కొందరికి ఇది కొత్త చట్టమను భ్రమ ఉన్నది. కాదు. మన దేశములో 1939 నాటి మోటారు వాహనాల చట్టములోనే ఈ బీమా ఏర్పాటున్నది. 1946 జూలై 1 నుండి అది అమలులోకి వచ్చినది. బ్రిటనులో 1930 చట్టముతోనే తప్పనిసరి చేసినారు. బండి కలవాడు బాగుపడవలెనని కాదు, బండి లేనివాడు నష్టపోరాదని. కామాటిపురా అనే పేరే మన కామాటీల వలన వచ్చినది. నిజాము సీమ నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలలో మట్టి మోసినవారు మన పెద్దలు. ఎప్పుడూ కాలినడకనే పోయినవారి బిడ్డలము. నేడు స్టీరింగు పట్టుకొన్నంత మాత్రాన నడిచేవాని పక్షము వదలరాదు.

ఇక మీలో ఎవరికైన ఇట్టి చలాను వస్తే ఏమి చేయవలెనో, మేము నష్టపడి నేర్చుకొన్నది వరుసగా చెప్పుచున్నాము.

మొదటిది, వచ్చిన సందేశము నిజమైనదో కాదో చూడవలెను. చలాను పేరుతో దొంగ సందేశాలు వాట్సాప్‌లో తిరుగుతున్నవి. లంకె నొక్కమని, ఏదో యాప్ దింపుకొమ్మని ఉంటే దానిని ముట్టరాదు. అది ఫోనులో దిగితే బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చును. సందేశంలోని లంకెను వదలి, మీరే స్వయంగా ప్రభుత్వపు పేజీ తెరచి బండి నంబరు కొట్టి చూడవలెను. ప్రభుత్వపు పేజీ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది.

రెండవది, ఏ రాష్ట్రపు చలాను ఆ రాష్ట్రపు ఖాతాలో చూడవలెను. మహారాష్ట్ర పోలీసుల పేజీ వేరు, తెలంగాణ పోలీసుల పేజీ వేరు, కేంద్రము వారి ఈ-చలాన్ పరివాహన్ పేజీ వేరు. ముంబయి పేజీలో ఏమీ లేదని సంతోషించుట, ఒక బ్యాంకులో అప్పు లేదని రెండవ బ్యాంకు అప్పు మరచుట వంటిది. ఊరికి పోయి వచ్చిన పక్షము, నెల రోజుల లోపల దారిలోని అన్ని రాష్ట్రాల లెక్క ఒకసారి చూచుకొనుట మంచిది. జరిమానా రేట్లు కూడ రాష్ట్రానికొక తీరుగా ఉంటవి; ఇక్కడి రేటుతో పోల్చి వాదించి లాభము లేదు.

మూడవది, చలానులోని ఫొటో, నంబరు, తేదీ, స్థలము, సెక్షను చదువవలెను. కెమెరాలతో వ్రాసే చలాన్లకు 2021 ఆగస్టులో కేంద్రము నిబంధనలు చేసినది. తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపవలెనని అందులో ఉన్నది. ఫొటోలోని బండి మీది కాకపోతే, ఆ రోజు బండి గల్లీలోనే ఉంటే, ఊరుకొనరాదు. అదే పేజీలో ఫిర్యాదు చేసి, రుజువులు దాచుకొనవలెను. మీదే అయితే కట్టివేయవలెను. కట్టిన పావతిని ఫోనులో ఒకటి, కాగితము మీద ఒకటి ఉంచుకొనవలెను. కట్టక వదలినవి కోర్టుకు పోవచ్చును. లోక్ అదాలతులో తగ్గవచ్చును, రాయితీ రావచ్చును. రావచ్చునన్న దానిని నమ్మి దారిలో అత్తమ్మను నిలబెట్టరాదు.

నాలుగవది అన్నిటి కంటె ముఖ్యము. బీమా లేకపోవుట వేరు, బీమా దగ్గర లేకపోవుట వేరు. పాలసీ అమలులో ఉండి, ఆ సమయానికి చేతిలో కాగితము లేకపోతే కంగారు పడవద్దు. పోలీసు అధికారి అడిగిన నాటి నుండి 7 రోజులలోగా, అప్పుడు చెప్పిన పోలీసు ఠాణాలో బీమా సర్టిఫికెట్టు చూపితే, చూపలేదన్న ఒక్క కారణము మీద శిక్ష పడరాదని చట్టములో 158వ సెక్షను చెప్పుచున్నది. మా పై అంతస్తులోని ఒక అబ్బాయికి ఇట్లే జరిగితే, మేము ఆ సెక్షను సంఖ్య వేసి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వ్రాసి ఇచ్చినాము. సర్టిఫికెట్టుతో పాటు అది చూపి వచ్చినాడు, పని జరిగినది. కాని ఆ సర్టిఫికెట్టు బండి ఆపిన నాటికి అమలులో ఉన్నదై యుండవలెను. మరునాడు కొన్న పాలసీ నిన్నటి తప్పును మాపదు. బావకు ఆ వెసులుబాటు లేకపోయినది అందుకే.

2018లో కేంద్ర నిబంధనలను సవరించి, ఈ కాగితాలను ఎలక్ట్రానిక్ రూపములో కూడ చూపవచ్చునన్నారు. డిజిలాకర్‌లో గాని, ఎంపరివాహన్ యాప్‌లో గాని ముందే దింపి ఉంచుకొనవలెను. ఘాట్ దారిలో సిగ్నలు దొరకనప్పుడు వెతుకులాట పనికిరాదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటో వీటితో సమానము కాదు. మేమయితే గుమాస్తాలకు సహజమైన అలవాటు చొప్పున ఒక కాగితపు ప్రతిని కూడ కారు గూటిలో ఉంచినాము. ఫోను చార్జింగు అయిపోవచ్చును, కాగితము కాదు.

ఐదవది, పాత బండి కొన్నవారికి. బండి చేతులు మారితే మూడవ వ్యక్తి బీమా కొన్నవాని పేరు మీదికి మారినట్లే చట్టము భావిస్తుంది. అయినా కొన్నవారు 14 రోజులలోగా కంపెనీకి తెలిపి తమ పేరు ఎక్కించుకొనవలెనని 157వ సెక్షను. పేరుతో బాటు ఫోను నంబరు మార్చుట మరువరాదు. ఆర్సీలో కూడ మీ నంబరే ఉండవలెను. చలాను సందేశము వచ్చేది దానికే. పాత యజమాని నంబరు ఉన్నంత కాలము మీ ఉత్తరాలు పరాయి ఇంటికి పోతున్నట్లే.

ఆరవది, గడువు. మూడవ వ్యక్తి బీమాకు గడువు దాటిన తరువాత ఒక్క రోజు కూడ వెసులుబాటు లేదు. మన బండి మరమ్మతుకు పనికివచ్చే బీమాలో, క్లెయిము లేని ఏండ్లకు ఇచ్చే తగ్గింపు మాత్రము 90 రోజుల లోపల పునరుద్ధరిస్తే నిలుస్తుంది. ఈ తొంబది రోజుల మాట విని, అన్నిటికీ 90 రోజుల గడువున్నదని కొందరు పొరబడుతున్నారు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేండ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేండ్లు మూడవ వ్యక్తి బీమా ఒకేసారి ఇస్తున్నారు. ఆ ఏండ్లు గడచిన పిమ్మట మరచేవారే ఎక్కువ.

కడపటిది, పిల్లలు హైదరాబాదులో ఉద్యోగము చేస్తూ ఇక్కడి నంబరు బండి అక్కడ నడుపుతున్నవారికి. 12 నెలలు దాటి బండి అక్కడే ఉంటే అక్కడి రిజిస్ట్రేషను నంబరు తీసుకొనవలెనని 47వ సెక్షను. పండుగకు వచ్చి పోయే బండికి ఈ బాధ లేదు.

మన కరీంనగరు, నిజామాబాదు వైపు నుండి దుబాయి పోయినవారు ఎందరో ఉన్నారు. అక్కడ జరిమానాలు కట్టి, బీమా చూపితే గాని బండి రిజిస్ట్రేషను ఏటేటా మారదని వారే చెప్పుతారు. అక్కడ ఒక్క దిరహమూ బాకీ పెట్టని మనవాళ్ళు, ఇక్కడ “మనమెక్కడ, వారెక్కడ” అనుట ఏమి మర్యాద? ఆ మాట అన్నవారిలో మేమే మొదటివారము గనుక ఇంత గట్టిగా వ్రాయగలుగుచున్నాము.

తిరిగి వచ్చిన తరువాత మేమొక పని చేసినాము. మా చాళ్ మెట్ల క్రింద, కరెంటు మీటర్ల ప్రక్కన ఒక క్యాలెండరు తగిలించినాము. మా చాళ్‌లోని కార్లు, స్కూటర్లు, రిక్షాలు, అన్నిటి బీమా ఏ తేదీన ముగుస్తుందో దానిమీద ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నది. పాల పాకెట్లు తెచ్చుకొనే ఆడవారు చదివి, “ఏమయ్యా, నీది గురువారం అయిపోతుందట” అని మగవారిని లేపుతున్నారు. గుమాస్తా జ్ఞాపకము కంటె అది నమ్మకమైనది. మీ చాళ్‌లో కూడ ఒకటి తగిలించండి. ఖర్చు ఒక మేకు మాత్రమే.

ఆ రేకు పెట్టెలో నాయన ఉత్తర్వు ప్రక్కనే బావ కొత్త పాలసీ ప్రతి ఒకటి పెట్టినాము. అక్కయే పెట్టమన్నది. ఎందుకని అడగలేదు.

ఆదివారము ఉదయం పదింటి వరకు మా తలుపు తీసియే ఉంటుంది. కాగితాలు తెండి, చదివి పెట్టుదుము. అయితే ఇకమీదట మా సలహా వినిన తరువాత, మీ ఇంటి ఆడవారిని కూడ ఒక మాట అడిగి మరీ ఆచరించండి.